కరెంటు వచ్చిన ప్రతిసారీ ప్రింటర్ ఆఫ్‌లైన్: స్టాటిక్ ఐపీ పెట్టాలా, రిజర్వేషన్ చెయ్యాలా?

కాశీబుగ్గ_లెడ్జర్

అందరికీ నమస్కారం. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసు నెట్‌వర్క్ గురించి అడుగుతున్నాను. ఫైబర్ మోడెం అడ్రస్ 192.168.1.1. దాని కింద 16 పోర్టుల మామూలు స్విచ్. కంప్యూటర్లు 5. టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా అకౌంట్స్ కంప్యూటర్‌లో ఉంది, మిగతా నాలుగూ దాన్నే తెరుస్తాయి. ఎ4 లేజర్ ప్రింటర్ ఒకటి, డబ్బాల మీద గ్రేడ్ లేబుళ్లు కొట్టే ప్రింటర్ ఒకటి. వేలిముద్ర హాజరు మెషీన్. ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె), 8 కెమెరాలు, వాటికి వేరే పీఓఈ స్విచ్ (నెట్ కేబుల్‌లోనే కరెంటు కూడా ఇచ్చేది). గోడౌన్‌లో ఇంకో వైఫై రూటర్. ఫోన్లు రోజూ 20 దాకా ఎక్కుతాయి.

కరెంటు పోయి వచ్చాక లేజర్ ప్రింటర్ అన్ని కంప్యూటర్లలో ఆఫ్‌లైన్ చూపిస్తుంది. ప్రింటర్‌లో 192.168.1.10 అని చేత్తో పెట్టి ఉంది. ఒక్కోసారి పది నిమిషాలకి దానంతటదే పనిచేస్తుంది, ఒక్కోసారి సాయంత్రం దాకా రాదు. అకౌంట్స్ కంప్యూటర్‌లో వారానికి ఒకటి రెండుసార్లు 'ఐపీ అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్' అని వస్తుంది. గోడౌన్ వైఫై మీద ల్యాప్‌టాప్‌కి ఇంటర్నెట్ వస్తుంది గానీ టాలీ ఫోల్డర్ తెరుచుకోదు, ప్రింటర్ జాబితాలో కనబడదు.

అన్నిటికీ స్టాటిక్ ఐపీలు (చేత్తో పెట్టే, మారని నంబర్లు) పెట్టేస్తే పోతుందా? రిజర్వేషన్ మంచిదని కొందరంటున్నారు, ఆ పేరుతో మోడెంలో ఏమీ కనబడటం లేదు.

ఏడురోడ్ల_నెట్

నమస్తే అండీ. కంప్లయింట్లు మూడు చెప్పారు గానీ తప్పులు రెండే అనిపిస్తోంది.

చేత్తో పెట్టిన అడ్రస్ సంగతి మోడెంకి తెలీదు. దాని డీహెచ్‌సీపీ పూల్, అంటే అడిగిన పరికరాలకి అది తనంతట తనే పంచే నంబర్ల వరస, 192.168.1.2 నుంచి 254 దాకా ఉంటే (చాలావాటికి ఫ్యాక్టరీ నుంచే అలా వస్తుంది) 10వ నంబరు కూడా తను పంచాల్సిందే అనుకుంటుంది. ఒక నంబరు ఇచ్చేముందు చాలా మోడెములు దాన్ని ఓసారి పిలిచి చూస్తాయి, ఎవరైనా పలికితే వదిలేస్తాయి. ప్రింటర్ ఆపేసి ఉంటే పలకదు కదా. ఆ 10 ఏ ఫోనుకో వెళ్లిపోతుంది. కాసేపటికి ప్రింటర్ లేచి అదే 10తో కూర్చుంటుంది. ఇక కంప్యూటర్ దగ్గర ఎవరి జవాబు ఆఖరున చేరితే వాళ్లే ప్రింటర్. అందుకే ఒకసారి పనిచేసి ఒకసారి చెయ్యదు.

కరెంటుతో లింకు ఏటంటే, చిన్న మోడెములు ఎవరికి ఏ నంబరు ఇచ్చామన్న జాబితా మామూలుగా తాత్కాలిక మెమరీలోనే ఉంచుకుంటాయి. కరెంటు పోతే ఆ జాబితా పోతుంది. తిరిగి రాగానే 20 ఫోన్లూ ఒక్కసారి అడుగుతాయి, మోడెం మళ్లీ మొదట్నుంచి పంచడం మొదలుపెడుతుంది. 5, 10 లాంటి చిన్న నంబర్లు ముందు పోతాయి.

నమ్మకం కోసం ఒక పరీక్ష. ప్రింటర్ ఆఫ్‌లైన్ చూపిస్తున్నప్పుడే దాని వెనక ల్యాన్ కేబుల్ పీకెయ్యండి. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'పింగ్ 192.168.1.10' కొట్టండి. కేబుల్ లేకపోయినా రిప్లై వస్తే ఆ నంబరు ఇంకెవరి దగ్గరో ఉన్నట్టే. రిప్లై రాకపోయినా వెంటనే 'ఏఆర్‌పీ -ఎ' కొట్టి చూడండి. కొన్ని ఫోన్లు పింగ్‌కి పలకవు గానీ ఆ పట్టికలో 10 ఎదురుగా వాటి ఫిజికల్ అడ్రస్ పడుతుంది. ప్రింటర్ కాన్ఫిగరేషన్ పేజీ ప్రింట్ తీసి దాని మ్యాక్ అడ్రస్‌తో (ఫిజికల్ అడ్రస్ అన్నా ఇదే, పరికరానికి ఉండే గుర్తింపు) పోల్చండి. వేరేగా ఉంటే దొంగ దొరికినట్టే.

గోడౌన్ సంగతికి, ఆ ల్యాప్‌టాప్‌లో 'ఐపీకాన్ఫిగ్ /ఆల్' కొట్టి ఐపీవీ4 అడ్రస్, డిఫాల్ట్ గేట్‌వే (బయటికి దారి ఇచ్చే రూటర్ నంబరు), డీహెచ్‌సీపీ సర్వర్ (నంబర్లు పంచేది) అనే మూడు లైన్లూ ఇక్కడ పెట్టండి. అకౌంట్స్ కంప్యూటర్‌లో కూడా అదే కొట్టి 'డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్' ఎదురుగా యెస్ ఉందో నో ఉందో చెప్పండి. మోడెంలో పూల్ ఎక్కడ్నుంచి ఎక్కడికుందో కూడా.

కాశీబుగ్గ_లెడ్జర్

చూశాను. ప్రింటర్ కేబుల్ పీకినా పింగ్‌కి రిప్లై వస్తోంది. పట్టికలో ఉన్న మ్యాక్ ప్రింటర్‌ది కాదు.

గోడౌన్ ల్యాప్‌టాప్: అడ్రస్ 192.168.0.104, గేట్‌వే 192.168.0.1, డీహెచ్‌సీపీ సర్వర్ 192.168.0.1. గోడౌన్ రూటర్‌లో ఆఫీసు నుంచి వచ్చిన కేబుల్ వ్యాన్ పోర్టులో (బయటి నెట్ లైను తగిలించేది) ఉంది. అకౌంట్స్ కంప్యూటర్‌లో 'నో' ఉంది, 192.168.1.5 చేత్తో పెట్టారు. మోడెం పూల్ 192.168.1.2 నుంచి 192.168.1.254, లీజు (ఇచ్చిన నంబరు చెల్లే గడువు) 86400.

నాగావళి_అడ్మిన్

అయితే రోగం తేలిపోయింది. ఇక మందు.

ముందు గోడౌన్. అక్కడి రూటర్ తన కింద ఇంకో నెట్‌వర్క్ కట్టుకుని కూర్చుంది. లోపలి నుంచి ఆఫీసు వైపు ఐపీ నంబరుతో కొడితే అందుతుంది. కంప్యూటర్ పేరుతో వెతికినా, ప్రింటర్‌ని జాబితాలో వెతికినా ఆ పిలుపు రూటర్ దాటదు. ఆఫీసు నుంచి గోడౌన్ ల్యాప్‌టాప్‌కి అసలే అందదు. ఆ రూటర్ సెట్టింగుల్లో 'ఆపరేషన్ మోడ్' వెతికి 'యాక్సెస్ పాయింట్' (సొంత నెట్‌వర్క్ కట్టకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) అని మార్చండి. కొన్ని టీపీ-లింక్ ఆర్చర్ రకాల్లో ఇది 'అడ్వాన్స్‌డ్'లో 'సిస్టం' కింద ఉంటుంది. ఆ మోడ్ లేని పాత రూటరైతే వరస ముఖ్యం: మొదట దాని ల్యాన్ అడ్రస్ 192.168.1.2 చెయ్యండి, తర్వాత దాని డీహెచ్‌సీపీ సర్వర్ ఆపండి, ఆఖరున కేబుల్‌ని వ్యాన్ పోర్టు నుంచి తీసి ల్యాన్ పోర్టులో పెట్టండి. డీహెచ్‌సీపీ ఆపకుండా కేబుల్ మార్చితే ఇద్దరు సర్వర్లూ ఒకే తీగ మీద నంబర్లు పంచుతారు, ఆఫీసు మొత్తం ఆగిపోతుంది. ఒక నెట్‌వర్క్‌లో నంబర్లు పంచేది ఒక్కరే ఉండాలి.

ఇక మీ అసలు ప్రశ్న. అన్నిటికీ చేత్తో స్టాటిక్ పెట్టొద్దు. రేపు మోడెం అడ్రస్ మారినా, డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేర్లకి నంబర్లు చెప్పే సర్వర్) మార్చాలన్నా ప్రతి పరికరం దగ్గరికీ వెళ్లి దాని మెనూలో వేళ్లు అరిగేలా నొక్కాలి. రిజర్వేషన్ అంటే ఫలానా మ్యాక్ అడ్రస్‌కి ఎప్పుడూ ఫలానా నంబరే ఇవ్వమని మోడెంకి చెప్పి పెట్టడం. ప్రింటర్ 'ఆటో'లోనే ఉంటుంది, నంబరు మాత్రం మారదు. జాబితా అంతా ఒక్కచోట ఉంటుంది.

ఆ మెనూ కనబడకపోవడానికి కారణం పేరు. ఒక్కో కంపెనీ ఒక్కోలా పిలుస్తుంది. టీపీ-లింక్‌లో 'అడ్రస్ రిజర్వేషన్', హువావే మోడెముల్లో 'డీహెచ్‌సీపీ స్టాటిక్ ఐపీ', జెడ్‌టీఈలో 'డీహెచ్‌సీపీ బైండింగ్', రియల్‌టెక్ చిప్ ఉన్న మోడెముల్లో 'మ్యాక్ బేస్డ్ అసైన్‌మెంట్', మైక్రోటిక్‌లో లీజుల జాబితాలో 'మేక్ స్టాటిక్'. డీహెచ్‌సీపీ పేజీలోనే అడుగున చిన్న బటన్‌గా కూడా ఉంటుంది. యూజర్ లాగిన్‌లో దాచేసి ఉంటే కనెక్షన్ ఇచ్చినవాళ్ల టెక్నీషియన్ని అడగండి.

నంబర్లు ఇలా పంచుకోండి:

1 మోడెం, 2 గోడౌన్ వైఫై
5 నుంచి 19 కంప్యూటర్లు (టాలీ కంప్యూటర్‌కి పాత 5 అలాగే ఉంచండి, ఎక్కడైనా పాత్‌లో రాసి ఉంటే చెడిపోదు)
20 నుంచి 29 ప్రింటర్లు
40 ఎన్‌వీఆర్, 41 నుంచి 48 కెమెరాలు
100 నుంచి 199 ఫోన్లకి, వచ్చేపోయేవాళ్లకి పూల్
201 హాజరు మెషీన్

హాజరు మెషీన్‌ని కదపొద్దు. జెడ్‌కే రకం మెషీన్లు ఫ్యాక్టరీ నుంచి 192.168.1.201, పోర్టు 4370తో వస్తాయి. పూల్ 199తో ఆగిపోతుంది కాబట్టి దానికి అడ్డం లేదు. రెండో మెషీన్ కొంటే మాత్రం అదీ 201తోనే వస్తుంది. కేబుల్ తగిలించే ముందే దాని మెనూలో 202 చేసుకోండి.

పని సెలవు రోజున పెట్టుకోండి. ముందు మోడెంలో పూల్ 100 నుంచి 199కి కుదించి సేవ్ చెయ్యండి. తర్వాత మ్యాక్ అడ్రస్‌లు పోగెయ్యండి. స్టిక్కర్ చూసి రాసుకునేటప్పుడు జాగ్రత్త: పన్నెండు గుర్తుల్లో అంకెలు, ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు మాత్రమే ఉంటాయి. ఓ అనే అక్షరం అసలుండదు, గుండ్రంగా ఏది కనబడినా సున్నాయే. 8కీ బికీ మాత్రం చూపు తడబడుతుంది. దానికన్నా మోడెంలో కనెక్ట్ అయిన పరికరాల జాబితాలోంచి కాపీ చేసుకోవడం నయం. మధ్యలో కోలన్లు కావాలో గీతలు కావాలో ఆ గడి పక్కనే నమూనా ఉంటుంది. తేడాగా కొడితే కొన్ని మోడెములు ఎర్రర్ కూడా చూపించకుండా వదిలేస్తాయి, అందుకని సేవ్ చేశాక పేజీ మళ్లీ తెరిచి లైను పడిందో లేదో చూడండి.

పూల్ బయటి నంబరుకి రిజర్వేషన్ ఇస్తుంటే మోడెం ఒప్పుకోకపోతే కంగారొద్దు. పరికరాన్ని బట్టి రూలు మారుతుంది. కొన్నిటిలో రిజర్వేషన్ పూల్ లోపలే ఉండాలి, కొన్నిటిలో అదే నెట్‌వర్క్ వరసలో ఎక్కడున్నా పర్వాలేదు. మీది ఒప్పుకోకపోతే పూల్‌ని 20 నుంచి 199 చేసి ప్రింటర్లకి అందులోనే రిజర్వ్ చెయ్యండి. రిజర్వ్ చేసిన నంబరు ఇంకొకరికి వెళ్లదు. చేత్తో పెట్టినవి మాత్రం పూల్ లోపల ఒక్కటీ ఉండకూడదు, మీ గొడవంతా దానివల్లే.

రిజర్వేషన్ రాశాకే ప్రింటర్‌ని 'మాన్యువల్' నుంచి 'ఆటో' లేదా 'డీహెచ్‌సీపీ'కి మార్చి, ఆపి మళ్లీ వెయ్యండి. కంప్యూటర్లలో 'ఐపీకాన్ఫిగ్ /రిలీజ్', తర్వాత 'ఐపీకాన్ఫిగ్ /రెన్యూ'. ఇలా అడిగించకపోతే పాత నంబరే పట్టుకుని ఉంటాయి. లీజులో సగం కాలం గడిచాకే పరికరం మళ్లీ అడుగుతుంది, మీ 86400 సెకన్లంటే 24 గంటలు కాబట్టి 12 గంటల తర్వాత. లీజు గడిలో సెకన్లా నిమిషాలా అన్నది చూసుకోండి. నిమిషాల్లో 1440 అంటే ఒక రోజు, అదే 1440 సెకన్ల గడిలో కొడితే 24 నిమిషాలే.

ఆఖరున ప్రతి కంప్యూటర్‌లో ప్రింటర్ పోర్టు. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో 'పోర్ట్స్' ట్యాబ్ తెరవండి. టిక్కు ఉన్న లైను డబ్ల్యూఎస్‌డీ అని ఉంటే 'యాడ్ పోర్ట్'లో 'స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్' ఎంచుకుని 192.168.1.20 ఇవ్వండి. ప్రోటోకాల్ 'రా', పోర్టు 9100. డబ్ల్యూఎస్‌డీ ప్రింటర్‌ని వెతికి పట్టుకునే పద్ధతి, కరెంటు పోయి వచ్చాక చాలాసార్లు వెతకడంలోనే ఆగిపోతుంది. ఇంత చేశాక కూడా పింగ్ అందుతూ ఆఫ్‌లైన్ అనే చూపిస్తే, 'కాన్ఫిగర్ పోర్ట్'లో 'ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్' టిక్కు తీసెయ్యండి.

గంటస్తంభం_సీసీటీవీ

విజయనగరం నుంచి. కెమెరాలకి సంబంధించి రెండు దిద్దుబాట్లు.

పూల్ 100 నుంచి మొదలుపెట్టొద్దు, 110 నుంచి పెట్టండి. దాహువా కెమెరాలు ఫ్యాక్టరీ నుంచి 192.168.1.108తో వస్తాయి. కొత్త కెమెరా తగిలించినా, పాతదాన్ని రీసెట్ కొట్టినా 108 మీద కూర్చుంటుంది, అదే నంబరు ఫోనులో ఉంటే మళ్లీ మొదటికొస్తుంది. హిక్‌విజన్‌ది 192.168.1.64, ఆ నంబరు కూడా ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా వదిలెయ్యండి. 110 నుంచి 199 అంటే 90 నంబర్లు, 20 ఫోన్లకి చాలా ఎక్కువే.

రెండోది, కెమెరాలకి, ఎన్‌వీఆర్‌కి రిజర్వేషన్ వద్దు, చేత్తో స్టాటిక్కే పెట్టండి. అడ్మిన్ గారు చెప్పినది ప్రింటర్లకి సరైనదే. కానీ పిడుగుకి మోడెం కాలిపోయిన రోజు అందరికన్నా ఎక్కువ అవసరం కెమెరా రికార్డింగే. మోడెం లేకుండా కెమెరాలు తిరిగి వెలిగితే నంబరు ఇచ్చేవాళ్లు ఉండరు. 169.254తో మొదలయ్యే నంబరు తమకు తామే పెట్టుకుంటాయి, లేదా ఫ్యాక్టరీ నంబరుకి వెళ్తాయి. ఎన్‌వీఆర్ 41 కోసం వెతుకుతూ తెర నల్లగా ఉంటుంది. స్టాటిక్ అయితే మోడెం ఉన్నా లేకపోయినా పీఓఈ స్విచ్ ఒక్కటి బతికుంటే రికార్డింగ్ నడుస్తుంది.

ఎనిమిది కొత్త కెమెరాలు ఒకేసారి తగిలిస్తే ఎనిమిదికీ ఒకే ఫ్యాక్టరీ నంబరు, అన్నీ కొట్టుకుంటాయి. హిక్‌విజన్‌కి ఎస్ఏడీపీ టూల్, దాహువాకి కాన్ఫిగ్‌టూల్ వాడండి. అవి ఐపీతో పని లేకుండా మ్యాక్ ద్వారా వెతుకుతాయి కాబట్టి నంబర్లు తగువులో ఉన్నా అన్నీ కనబడతాయి. పాస్‌వర్డ్ పెట్టి యాక్టివేట్ చేసి, మొదటి నంబరు 41 ఇస్తే వరసగా రాసేస్తుంది. కెమెరా నంబరూ ఐపీ చివరి అంకే కలిసేలా, గేటు కెమెరా 1 అయితే 41, పీలింగ్ హాలు 2 అయితే 42 అలా పెట్టుకుంటే తర్వాత ఏది ఆగిందో వెతుక్కోనక్కర్లేదు.

ఎన్‌వీఆర్ వెనకే పీఓఈ పోర్టులు ఉండి కెమెరాలు నేరుగా దానికే తగిలిస్తే ఈ గొడవ లేదు. హిక్‌విజన్ ఎన్‌వీఆర్ లోపల 192.168.254 వరసలో తనే నంబర్లు ఇచ్చుకుంటుంది, వాటిని ముట్టుకోవద్దు. మీది విడి పీఓఈ స్విచ్ కాబట్టి పైదంతా అవసరం.

ఎన్‌వీఆర్‌కి స్టాటిక్ పెట్టేటప్పుడు మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1తో పాటు డీఎన్ఎస్ కూడా నింపండి, 8.8.8.8 చాలు. డీఎన్ఎస్ ఖాళీగా వదిలేస్తే టీవీలో బొమ్మ బాగానే వస్తుంది, ఫోను యాప్‌లో మాత్రం ఆఫ్‌లైన్ అంటుంది. ఈ ఒక్క గడి కోసం మనుషుల్ని పిలిపించుకునేవాళ్లు చాలామంది.

నాగావళి_అడ్మిన్

108 మాట నిజం, పూల్ 110 నుంచే పెట్టండి. కెమెరాలకి స్టాటిక్ అన్నదీ ఒప్పుకుంటున్నాను. మోడెం లేనప్పుడు కూడా ఒకదానితో ఒకటి మాట్లాడాల్సినవి ఏవో వాటికే స్టాటిక్, మిగతావాటికి రిజర్వేషన్. హాజరు మెషీన్ కూడా స్టాటిక్ వైపే వెళ్తుంది.

టాలీ కంప్యూటర్ సంగతి కొంచెం ఆలోచించాలి. మోడెం పోయినా స్విచ్ మీద ఐదు కంప్యూటర్లూ టాలీ నడుపుకోవాలంటే దానికి 5 స్టాటిక్‌గానే ఉంచెయ్యండి, ఇప్పుడు పూల్ బయట ఉంది కాబట్టి ఎవరితోనూ తగువు రాదు. అయితే మిగతా నాలుగూ డీహెచ్‌సీపీలో ఉంటే, మోడెం లేకుండా ఆన్ చేసినప్పుడు అవి 169.254లోకి జారి 5ని అందుకోలేవు. రోజూ లోడింగ్ బిల్లులు ఆగకూడదు అనుకుంటే ఆ నాలుగింటికీ 6 నుంచి 9 స్టాటిక్ ఇవ్వండి. ఐదు కంప్యూటర్లకి అది పెద్ద పని కాదు. ల్యాప్‌టాప్‌లకి మాత్రం స్టాటిక్ వద్దు, ఇంటికి తీసుకెళ్తే అక్కడ నెట్ రాదు.

తోటపాలెం_వైఫై

ఫోన్ల గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను.

ఫోనుకి రిజర్వేషన్ రాసినా పనిచెయ్యకపోవడం మామూలు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోను తన అసలు మ్యాక్ దాచి, ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మ్యాక్ చూపిస్తుంది. 'నెట్‌వర్క్‌ని మర్చిపో' కొట్టి మళ్లీ కలిపితే కొన్ని ఫోన్లలో అదీ మారొచ్చు. గుర్తుపట్టడం తేలిక: మ్యాక్‌లో ఎడమ నుంచి రెండో గుర్తు 2, 6, ఎ, ఇ లలో ఒకటైతే అది కల్పితం. ఓనరు గారి ఫోనుకో గోడౌన్ ట్యాబ్‌కో నిజంగా ఖాయం నంబరు కావాలంటే ఆ వైఫై సెట్టింగులో 'ప్రైవసీ' దగ్గర 'ఫోను మ్యాక్ వాడు' అని మార్చాలి, ఐఫోన్‌లో 'ప్రైవేట్ వైఫై అడ్రస్' ఆపాలి. మిగతా ఫోన్లని వదిలెయ్యండి, వాటికి ఖాయం నంబరుతో పనేముంది?

కానీ ఈ కల్పిత మ్యాక్‌ల వల్ల ఇంకోటి జరుగుతుంది. సీజన్లో లారీ డ్రైవర్లు, బేరగాళ్లు వచ్చి ఒక గంట వైఫై వాడి వెళ్లిపోతారు. లీజు 24 గంటలైతే వాళ్ల నంబర్లు మర్నాటి దాకా బ్లాక్ అయి ఉంటాయి. పూల్ కుదించారు కాబట్టి లీజు కూడా 4 గంటలకి తగ్గించండి, మీ మోడెంలో 14400 సెకన్లు. పూల్ నిండిపోతే కొత్త ఫోను 'ఐపీ అడ్రస్ తీసుకుంటోంది' దగ్గరే తిరుగుతూ ఉంటుంది, వైఫై పాస్‌వర్డ్ తప్పేమో అనుకుని జనం దాన్ని మారుస్తూ కూర్చుంటారు.

ఇంకో మాట. స్టాటిక్ ఐపీ కావాలని కనెక్షన్ ఇచ్చినవాళ్లని అడిగితే నెలకింత అని చెప్తారు. అది బయటి ఐపీ, ఇక్కడ మాట్లాడుకునేది కాదు. ప్రింటర్, టాలీ, హాజరు, కెమెరాలు లోపల కుదరడానికి దాంతో అవసరమే లేదు. మోడెంలో వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో కనబడితే ఒకే బయటి నంబరుని చాలామందికి పంచి ఇస్తున్నారని అర్థం, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయట్నుంచి లోపలి పరికరానికి దారి తెరవడం) చేసినా బయట్నుంచి రాదు. ఎన్‌వీఆర్ ఫోనులో చూసుకోవడానికి దాని క్లౌడ్ యాప్ చాలు. ఎన్‌వీఆర్ పోర్టుని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టడం ప్రమాదం, ఆ పని అసలు చెయ్యొద్దు.

కాశీబుగ్గ_లెడ్జర్

అందరికీ ధన్యవాదాలు. ఆదివారం చేశాం. మోడెంలో 'మ్యాక్ బేస్డ్ అసైన్‌మెంట్' పేరుతో దొరికింది, పూల్ బయటి నంబర్లకి ఒప్పుకుంది. పూల్ 110 నుంచి 199. గోడౌన్ రూటర్ యాక్సెస్ పాయింట్ అయ్యాక ల్యాప్‌టాప్‌కి 192.168.1.113 వచ్చింది, టాలీ తెరుచుకుంది. లేజర్ ప్రింటర్ 20 మీద నిలబడింది, మెయిన్ మూడుసార్లు ఆపి వేసి చూశాం.

లేబుల్ ప్రింటర్ ఒక్కటే మొరాయిస్తోంది. వెనక స్టిక్కర్ మీది మ్యాక్ రాసి 21 రిజర్వ్ చేశాను, రెండుసార్లు సరిచూశాను. అయినా 192.168.1.117 తీసుకుంటోంది.

ఏడురోడ్ల_నెట్

ఆ ప్రింటర్‌లో వైఫై కూడా ఉందా అండీ? ఉంటే దానికి రెండు మ్యాక్‌లు. స్టిక్కర్ మీద వైఫైది రాసి, మీరు కేబుల్‌తో కలిపి ఉంటారు. మోడెం జాబితాలో 117 ఎదురుగా ఏ మ్యాక్ ఉందో చూడండి, తరచుగా చివరి గుర్తు ఒక్కటే తేడా ఉంటుంది. ఆ మ్యాక్‌కి 21 రాసి పాత లైను తీసెయ్యండి, ప్రింటర్ ఆపి మళ్లీ వెయ్యండి. ప్రింటర్ మెనూలో వైఫై ఆపెయ్యడం కూడా మంచిది. ల్యాప్‌టాప్‌లకీ ఇదే లెక్క: కేబుల్‌కి ఒక మ్యాక్, వైఫైకి ఒకటి, యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ పెడితే దానిదింకోటి.

కాశీబుగ్గ_లెడ్జర్

అదే. స్టిక్కర్ మీద చివర 4, జాబితాలో చివర 5. మార్చగానే 21 వచ్చింది, డబ్ల్యూ 320 గ్రేడ్ లేబుళ్లు అన్ని కంప్యూటర్ల నుంచీ పడుతున్నాయి. ఇదంతా మోడెం మార్చితే పోతుంది కదా, దానికేం చెయ్యాలి?

నాగావళి_అడ్మిన్

పోతుంది. కొత్త మోడెం తెచ్చి పెట్టేవాళ్లు నెట్ వచ్చిందా లేదా చూసి వెళ్లిపోతారు, మీ రిజర్వేషన్లు వాళ్లకి తెలియవు. 'బ్యాకప్ సెట్టింగ్స్' ఫైలు తీసి పెట్టుకోండి గానీ వేరే కంపెనీ మోడెం వస్తే ఆ ఫైలు పనికిరాదు. అందుకని కాగితం. ఒక్కో లైనుకి నాలుగే ముక్కలు: పరికరం పేరు, ఐపీ, మ్యాక్, స్టాటిక్కా రిజర్వేషనా. పైన మోడెం అడ్రస్, పూల్ మొదలు చివర, లీజు, వైఫై పేరు. లామినేషన్ చేయించి స్విచ్ ఉన్న పెట్టె తలుపు లోపలి వైపు అంటించండి. ఫోనులో ఫొటో ఉందిలే అనుకోవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను ఛార్జింగే కష్టమైంది. పాస్‌వర్డులు మాత్రం ఆ కాగితం మీద రాయకండి.

మోడెంకి, 16 పోర్టుల స్విచ్‌కి, పీఓఈ స్విచ్‌కి, ఎన్‌వీఆర్‌కి ఒక యూపీఎస్ పెడితే చిన్న కోతలకి లీజు జాబితా పోవడం కూడా ఉండదు. మోడెం ఒక్కదానికే చిన్న డీసీ యూపీఎస్ కొంటే అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చదివి అవే ఉన్నది తీసుకోండి. చాలా మోడెములు 12 వోల్టులే గానీ ఆంపియర్లు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి.

కొత్త మోడెం వచ్చిన రోజు మొదట చూడాల్సింది దాని ల్యాన్ అడ్రస్. హువావే మోడెములు కొన్ని 192.168.100.1తో వస్తాయి. అలాగే వదిలేస్తే ఫోన్లకి నెట్ వస్తుంది, కెమెరాలు, హాజరు మెషీన్, టాలీ కంప్యూటర్ మాత్రం పాత 192.168.1 వరసలో ఉండిపోయి వాటికి గేట్‌వే ఉండదు. ల్యాన్ అడ్రస్ 192.168.1.1కి మార్చి, పూల్ 110 నుంచి 199 పెట్టి, తర్వాత కాగితం చూసి రిజర్వేషన్లు రాయండి. టెక్నీషియన్ ఉండగానే ఈ మొదటి రెండూ చేయించెయ్యండి, యూజర్ లాగిన్‌తో ఆ గడులు తెరుచుకోకపోతే అతని లాగిన్‌తోనే కావాలి.